చుక్కకో కబురు

మార్చి 3, సోమవారం

ఇవాళ బంగాళాదుంపలు వండాను. ఉప్పు ఎక్కువైంది.

ఏం రాయాలో తెలియక అది రాశాను. నిద్ర పట్టడం లేదు మాత్రలివ్వమంటే, డాక్టరమ్మ మాత్రలివ్వకుండా ఒక పుస్తకం పెట్టుకుని రోజూ ఏదో ఒకటి రాయమంది. ఎవరికీ చూపించక్కర్లేదట. నాది ఐదో తరగతి చదువమ్మా, ఆ తర్వాత నేర్చుకున్నదల్లా బడిలో ఊడ్చేటప్పుడు బోర్డు తుడిచే ముందు చదివి నేర్చుకున్నదే అన్నాను. అయితే నాకంటే మీకే ఎక్కువ తెలిసుంటుంది అని నవ్వింది. పోనీ ఏం రాయను అంటే ఏం వండారో రాయండి అంది.

రాశాను. దుంపలు ఒకరికి, ఉప్పు ఇద్దరికి వేసినట్టున్నాను.

మా అబ్బాయి పోయి నాలుగు నెలలు. వాడు పనిచేసే లాండ్రీ బండి వానలో వంతెన మీద జారింది. దాని గురించి ఇంకేం రాయను.

మార్చి 4, మంగళవారం

వాడి బీరువా తెరిచాను. పురుగు పడుతుందేమోనని తెరిచాను, అంతే.

చొక్కాలు ఐదు. నీలం చొక్కా మోచేయి దగ్గర తలుపు గొళ్ళేనికి పట్టుకుని చిరిగింది, నాకు బాగా గుర్తు. నేను కుడతా ఇటివ్వరా అంటే, వద్దులేమ్మా అని పట్టుకుపోయాడు. ఇవాళ ఆ చిరుగు కోసం వెతికితే కనబడలేదు. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తే అప్పుడు దొరికింది. రఫు చేసి ఉంది. అంటే చిరిగిన చోట ఒక్కో పోగే అల్లుకుంటూ పోయి బట్టలో బట్టలా కలిపేయడం. దానికి బయటి దారం పనికిరాదు, ఆ చొక్కా లోపలి మడతలోంచే పోగులు లాగి వాడాలి. అంత ఓపిక ఎవరికుంటుంది?

నాకైతే లేదు. నా కుట్టు కోడి పరుగెత్తినట్టుంటుంది. వాడి చిన్నప్పటి నుంచీ వాడి బట్టల మీద నా కోళ్ళే పరుగెత్తాయి.

ఐదు చొక్కాల్లో నాలుగింటికి ఈ రఫు ఉంది. నా కుట్లు కూడా విప్పేసి మళ్ళీ చేశారు.

మార్చి 5, బుధవారం

ఎవరో పిల్ల. ఖాయం.

మార్చి 7, శుక్రవారం

మేడ మీది ఆవిడకు చెప్పకూడదనుకున్నాను, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అయినా చెప్పేశాను. నీలం చొక్కా తిప్పి తిప్పి చూసి, ఇరవై ఆరేళ్ళ కుర్రాడికి ఎవరైనా ఊరికే ఇంత కష్టపడి చేస్తారా, నువ్వే చెప్పు అంది. నేనూ అదే అనుకున్నాను.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, వాడు పోయిన రోజు పొద్దున, తలుపు దగ్గర నిలబడి, అమ్మా నీతో ఒక మాట చెప్పాలి, కోప్పడకూడదు అన్నాడు. నేను పొయ్యి దగ్గరున్నాను. సాయంత్రం చెబుదువుగాని పోరా, పాలు పొంగుతున్నాయి అన్నాను. సరే అని వెళ్ళిపోయాడు.

ఈ నాలుగు నెలలూ ఆ మాట ఏమై ఉంటుందా అని ఎన్ని రకాలుగా ఆలోచించానో. పిల్ల సంగతే అయి ఉంటుంది. కోప్పడకూడదు అన్నాడంటే ఇంకేముంటుంది. పిచ్చోడు, నేనెందుకు కోప్పడతాను.

పాపం ఆ పిల్ల ఎవరితో చెప్పుకుని ఏడుస్తోందో.

మార్చి 10, సోమవారం

బడి పని తొందరగా ముగించుకుని లాండ్రీకి వెళ్ళాను. తల నున్నగా దువ్వుకున్నాను. మా అమ్మ ఇచ్చిన చెవి దుద్దులు చేతి రుమాలులో మూటకట్టి సంచీలో పెట్టుకున్నాను. పిల్లను చూడగానే ఏం మాట్లాడాలో బస్సులో నాలుగుసార్లు చెప్పుకున్నాను.

మేనేజరు నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. ఇక్కడ రఫు చేసే అమ్మాయి ఎక్కడుంటుందండీ అన్నాను. అమ్మాయా అన్నాడు. మూతి మీదకి నవ్వొచ్చి మళ్ళీ మింగేశాడు. వెనక గదిలో ఉందండీ మీ అమ్మాయి, వెళ్ళండి అన్నాడు.

వెనక గదిలో అరవై ఐదేళ్ళ ఆవిడ ఒకతి కూర్చుని ఉంది. సీసా అడుగంత మందాన కళ్ళజోడు. కోటు చెయ్యి ముక్కుకి ఆనించుకుని, కుడుతోందో వాసన చూస్తోందో తెలియనట్టు ఉంది. తలెత్తకుండానే ఇస్త్రీకైతే ముందు గది అంది. నేను ఫలానా వాడి తల్లినని చెప్పాను. సూది ఆగింది. చాలాసేపు నా వైపు చూసింది, చూసిందంటే నేనున్న వైపు.

"వాడికి టీలో మూడు చెంచాల చక్కెర అలవాటు చేసి పాడు చేసింది నువ్వేనా?"

అదీ ఆవిడ నాతో అన్న మొదటి మాట.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. పిల్లా లేదు, పెళ్ళీ లేదు. ఈవిడ పెళ్ళి చేసుకోలేదు, ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలోనే రఫు చేస్తోంది. వాడు ఈవిణ్ణి పెద్దమ్మ అని పిలిచేవాడట. వాడికి పెద్దమ్మ అంటే నాకు అక్క. నన్నొక్క మాట అడక్కుండా నాకో అక్కను తగిలించి పోయాడు.

దుద్దులు సంచీలోంచి బయటికి తీయలేదు. ఇంక ఆ లాండ్రీ గడప తొక్కను.

మార్చి 11, మంగళవారం

తొక్కను.

మార్చి 12, బుధవారం

వెళ్ళాను. అటు వైపు పనుండి వెళ్ళాను.

ఆవిడ దారం కొన నాలుకతో తడిపి సూది మీద పొడుస్తోంది. పొడిచిన ప్రతిసారీ పక్కకి పోతోంది. చూళ్ళేక లాక్కుని నేను ఎక్కించి ఇచ్చాను. అప్పుడు చెప్పింది. కళ్ళలో శుక్లాలు వచ్చి మూడేళ్ళుగా అన్నీ పొగమంచులా ఉన్నాయట. కుట్టు వేళ్ళకే తెలుసు కాబట్టి కుట్టేస్తుంది గాని సూది బెజ్జం మాత్రం వేళ్ళకి చిక్కదు. వాడు రోజూ ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోగా ఈ గదిలో కూర్చుని నలభై సూదుల్లో దారం ఎక్కించి దిండుకి వరసగా గుచ్చిపెట్టి వెళ్ళేవాడట. అదయ్యాకే బండి పని. ఎవరికీ తెలియనివ్వలేదు.

ఇప్పుడు మేనేజరుకి తెలిసిపోయింది. ఎండాకాలం ముగిసేలోగా కళ్ళన్నా బాగుచేయించుకో, పనన్నా మానుకో అన్నాడట. మంచివాడే, తప్పు లేదు. నల్ల కోటుకి నీలం పోగుతో రఫు చేస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు.

నలభై సూదులూ ఎక్కించి వచ్చాను. నా కొడుకు చేసిన పని ఒకసారి చేసి చూద్దామని, అంతకంటే ఏం లేదు.

మార్చి 14, శుక్రవారం

ఆవిడతో పోట్లాట అయింది. వాడికి ఎడమ చెవి దురద పెడితే అబద్ధం చెప్తున్నట్టు లెక్క, నీకు తెలుసా అంది. నాకు తెలియదు. వాడు అసలు టీ చక్కెర లేకుండా తాగుతాడు అంది. ఇంట్లో మూడు చెంచాలు తాగేవాడు అన్నాను. నువ్వు వేస్తావని తాగేవాడు, నేను మాన్పించాక నాలుగేళ్ళుగా ఇక్కడ చక్కెర ముట్టలేదు అంది.

నా కొడుకు గురించి నాకు చెప్పకు అని వచ్చేశాను.

వాడి పగళ్ళన్నీ ఆవిడ దగ్గరున్నాయి. నా దగ్గర పొద్దున ఒక గంట, రాత్రి నిద్ర. నిద్రపోయేవాడి దగ్గర కబుర్లేముంటాయి?

మార్చి 15, శనివారం

రాయడానికేం లేదు.

మార్చి 18, మంగళవారం

కళ్ళాసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. నాకు కళ్ళు బాగానే ఉన్నాయి కదా, ఎవరికో వచ్చిందనుకున్నాను. చిరునామా మాదే. మనిషి పేరు ఆవిడది.

రెండుసార్లు చదివాను. కుడి కంటికి ఆపరేషన్, ఇరవై నాలుగో తారీకు. ఆపరేషనయ్యాక ఆరు వారాలు రోజూ వేళకి కంట్లో చుక్కలు వేయడానికి ఇంట్లో మనిషి ఉండి తీరాలి, లేకపోతే ఈ తేదీ వేరేవాళ్ళకి ఇస్తాం అని రాశారు. వాడు నింపి ఇచ్చిన కాగితం కూడా జత చేశారు. ఎక్కడ ఉంటారు అన్నచోట మా ఇల్లు. చూసుకునే మనిషి అన్నచోట నా పేరు. కింద వాడి సంతకం. తారీకు చూస్తే వాడు పోవడానికి మూడు రోజుల ముందు.

ఇదన్నమాట ఆ మాట.

అమ్మా, ఒక ముసలావిణ్ణి ఇంటికి తీసుకొస్తాను, కోప్పడకూడదు. ఇంతే. ఎన్ని రకాలుగా ఆలోచించాను గాని ఇది మాత్రం తట్టలేదు.

మార్చి 19, బుధవారం

కుదరదు. నాకు పొద్దున్నే బడి పని. ఇల్లు రెండు గదులు. ఆవిడ నోరు మంచిది కాదు. ఆవిడకి వేరే ఎవరైనా ఉండకపోరు. అడగకుండా నా పేరు రాయడం వాడిది తప్పే, కొడుకైనంత మాత్రాన.

మంచం కూడా లేదు. ఒక మంచం ఖాళీగా ఉంది గాని అది ఖాళీ కాదు.

మార్చి 20, గురువారం

కుదరదని చెప్పడానికి వెళ్ళాను. ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ, ఆ తేదీ ఎవరికో ఇచ్చేస్తారులే అనుకున్నాను, నువ్వు మాత్రం ఏం చేస్తావు అంది. మామూలుగా అంది. అలా అన్నాక కుదరదని చెప్పడం మరీ కష్టమైంది.

"ఇంతకీ నీకు చెప్పలేదా?" అంది. "ఆ రోజు పొద్దున ఇంట్లో చెప్పే వస్తానన్నాడే."

"చెప్పబోయాడు. పాలు పొంగుతున్నాయని నేనే వినలేదు."

ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా చెల్లికి చెప్పలేదు, మేడ మీది ఆవిడకి చెప్పలేదు. ఆవిడ చేతిలో కోటు కింద పెట్టింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకున్నా ఏం కనబడుతుంది పాపం.

"పాలు పొంగుతుంటే ఎవరైనా అంతే అంటారు," అంది. "నేనైనా అంతే అనేదాన్ని."

డాక్టరమ్మ ఎంతో చెప్పింది, మా చెల్లి ఎంతో చెప్పింది, ఇంత చిన్న మాట ఎవరికీ తోచలేదు.

సోమవారం పొద్దున ఆరింటికల్లా తయారుగా ఉండు, రెండు జతల బట్టలు చాలు అని చెప్పి వచ్చేశాను. సగం దారిలో గుర్తొచ్చింది, నేను వెళ్ళింది కుదరదని చెప్పడానికి.

మార్చి 23, ఆదివారం

వాడి మంచం మీద దుప్పటి మార్చాను. పాతది ఉతకలేదు. మడిచి నా తలకింద పెట్టుకున్నాను.

ఆరు వారాలే.

మార్చి 24, సోమవారం

ఆసుపత్రిలో కాగితం నింపే గుమాస్తా కుర్ర మొహంవాడు. పేషెంటుకి మీరేమవుతారు అన్నాడు. చెల్లెల్ని అన్నాను. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పోలికల్లేవే అన్నాడు. ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది: కొడుకు వైపు నుంచి చుట్టరికం బాబూ. ఆ కుర్రాడు ఏదో రాసి కొట్టేశాడు. చివరికి 'చెల్లెలు' అని రాసుకున్నాడు.

ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కంటి మీద మూత వేసి పంపించారు. బయటికి వచ్చేటప్పుడు నా భుజం పట్టుకుని నడిచింది. చెయ్యి బరువే లేదు.

మార్చి 25, మంగళవారం

చుక్కలు మొదటి వారం రోజుకి ఆరుసార్లు, రెండో వారం ఐదు, అలా తగ్గించుకుంటూ పోవాలి. బడికి వెళ్ళి వచ్చేలోపు రెండు చుక్కలు మేడ మీది ఆవిడ వేస్తానంటే, వద్దన్నాను. నేనే మధ్యలో పరుగెత్తుకొచ్చి వేశాను. బడి నాలుగు వీధుల అవతలే.

ఆవిడ కదలకుండా పడుకోదు. చుక్క వెయ్యబోతే కన్ను బిగిస్తుంది. చిన్నపిల్లలకి నయం. విసుగొచ్చి, ఇదిగో చూడు, ఊరికే వెయ్యను, చుక్కకో కబురు చెప్పాలి, వాడి కబురు అన్నాను. ఆవిడ ఒక్క కన్నుతోనే బేరమాడింది. చుక్క ముందు, కబురు తర్వాత.

మొదటి చుక్క కబురు: పనిలో చేరిన రోజే వాడు మేనేజరుగారి సొంత చొక్కా ఇస్త్రీ పెట్టెతో కాల్చేశాడట. ఏడుపు మొహంతో వెనక గదిలోకొచ్చి పెద్దమ్మా నన్ను కాపాడు అన్నాడట. పెద్దమ్మ అయింది అలాగ. గంటలో రఫు చేసి ఇచ్చింది. మేనేజరు ఇప్పటికీ ఆ చొక్కా వేసుకుంటాడు, ఇప్పటికీ తెలియదు.

నవ్వొచ్చింది. నవ్వి, చుట్టూ చూశాను, ఎవరైనా విన్నారేమోనని.

మార్చి 27, గురువారం

ఒకాయన కోటు ఇచ్చి మళ్ళీ రాలేదట. ఆ కోటుకి వాడు దొరగారు అని పేరు పెట్టి రోజూ పొద్దున్నే దండం పెట్టేవాడట. దొరగారూ, ఇవాళ కూడా మీ వాళ్ళు రాలేదు, దిగులు పడకండి అనేవాడట. ఇది ఇవాళ్టి రెండో చుక్క.

మూడో చుక్కకి నాకు దిమ్మ తిరిగింది. ఆరేళ్ళ పాటు వాడి మధ్యాహ్నం డబ్బాలో సగం ఆవిడే తిందట. అమ్మా ఇంకో రెండు గరిటెలు పెట్టు, ఆకలేస్తోంది అని వాడంటే ఎదిగే పిల్లాడనుకున్నాను, ఇరవై ఆరేళ్ళకి ఎక్కడ ఎదుగుతాడు? ఆరేళ్ళు నేను ఆవిడకి వండిపెట్టాను, నాకు తెలియకుండా.

వంట బావుండేదా అని అడిగాను. కారం తక్కువ అంది.

ఏప్రిల్ 1, మంగళవారం

నేటి నుంచి ఐదు చుక్కలు. ఇల్లంతా ఆవిడ పెత్తనమే. మూత ఉన్న కన్నుతో పడుకునే, ఆ గిన్నె అక్కడ పెట్టావేం, శబ్దం వేరేగా వచ్చింది అంటుంది.

ఏప్రిల్ 3, గురువారం

ఇవాళ ఆవిడ, ఎప్పుడూ నేనే చెప్పాలా, నువ్వూ ఒకటి చెప్పు, చిన్నప్పుడు ఎలా ఉండేవాడు అంది. చెప్పనన్నాను. అవి నావి.

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. ఏదైనా అని ఉంటే బావుండేది.

ఏప్రిల్ 8, మంగళవారం

నాలుగు. బడిలో లెక్కల మాస్టారిని అడిగాను, వారానికి ఒకటి చొప్పున తగ్గిస్తే మొత్తం ఎన్ని చుక్కలవుతాయని. ఆయన బోర్డు మీద వేసి చూపించారు. నూట నలభై ఏడు. ఎందుకమ్మా అన్నారు. ఊరికే అన్నాను. ఇప్పటికి డెబ్బై ఏడు అయిపోయాయి.

నిన్నటి ఆఖరి చుక్క కబురు రాయాలి. వాడు ఒకసారి నన్ను పిలవడానికి బడికొస్తే, నేను చీపురు పట్టుకుని బోర్డు ముందు నిలబడి చదువుకుంటున్నానట. పిలవకుండా కిటికీ దగ్గరే నిలబడి చూశాడట. లాండ్రీకి వెళ్ళి చెప్పాడట, పెద్దమ్మా, మా అమ్మ చదివేదాకా ఆ బోర్డుకి విలువుండదు, చదివాక గాని తుడవదు అని. గొప్పగా చెప్పాడంది. చుట్టుపక్కల వాళ్ళందరికీ చెప్పాడంది.

నాతో ఒక్కసారి చెబితే ఏం పోయేదిరా.

కాదులే. చెప్పుంటే, చాల్లే పోరా అనేదాన్ని.

ఏప్రిల్ 17, గురువారం

మూడు చుక్కల వారం. ఇవాళ రెండో చుక్కకి చెప్పింది: గోడ గడియారం ఆగిపోతే వాడు నిచ్చెన వేసుకుని పైదాకా ఎక్కి, ఒక్క చేత్తో పట్టుకుని బాగు చేశాడట. కిందనున్న వాళ్ళంతా చప్పట్లు కొట్టారట.

వాడికి ఎత్తంటే చచ్చేంత భయం. మా ఇంట్లో బల్బు మార్చాలంటే స్టూలు ఎక్కేది నేను, కింద స్టూలు పట్టుకుని కళ్ళు మూసుకునేది వాడు.

కల్పించి చెప్తోంది. ఉన్న కబుర్లు అయిపోయాయన్నమాట.

మామూలుగా అయితే కడిగేసేదాన్ని. నోరు తెరిచాను కూడా. కాని వాడు నిచ్చెన మీద నిలబడి ఉన్నాడు. పోయినవాడు కొత్తగా ఏమీ చెయ్యడు కదా, ఉన్నవే తిప్పి తిప్పి తలచుకోవాలి. ఇది కొత్తది. అక్కడ, పైన, ఒక్క చేత్తో.

తర్వాత ఏమైంది అని అడిగాను. మరీ ఉత్సాహంగా చెప్పింది.

ఏప్రిల్ 22, మంగళవారం

రెండు చుక్కలు. చూపు బాగా వచ్చేసింది. పొద్దున లేచి ఇల్లంతా తిరిగి, మూలల్లో బూజు ఉందని నాకే చెప్పింది. బడంతా ఊడ్చే మనిషికి!

తర్వాత వాడి ఫొటో దగ్గర ఆగింది. ఎంతసేపటికీ కదలలేదు. చేరిన కొత్తల్లో కొంచెం చూపుండేది గాని, ఈ మూడేళ్ళూ వాడు ఆవిడకి ఒక గొంతూ, ఒక నడక చప్పుడూ, అంతే. మీసం పెంచాక వాడెలా ఉన్నాడో ఆవిడ చూడనే లేదు.

ఇంత బావుంటాడని చెప్పలేదేం అని నన్ను కోప్పడింది. కళ్ళు తుడుచుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. కన్ను నలపకూడదు.

ఏప్రిల్ 29, మంగళవారం

ఇంక రోజుకి ఒకటే చుక్క. ఆవిడ వెళ్ళిపోతే ఈ గది ఎంచక్కా సర్దుకోవచ్చు. నాకేం అలవాటు కాలేదు.

మే 2, శుక్రవారం

మధ్యలో ఊరికే బడి నుంచి ఇంటికి వచ్చాను. చుక్క వేళ కాదు. ఎందుకొచ్చావు అంది. తాళం మర్చిపోయాను అన్నాను. తాళం చేతిలోనే ఉంది.

మే 5, సోమవారం

ఆఖరి చుక్క. నూట నలభై ఏడోది. సాయంత్రం దాకా వెయ్యలేదు.

వేశాక చుక్కల సీసాకి మూత బిగించాను. ఆవిడ పడుకునే ఉంది, పైకప్పు వైపు చూస్తూ.

"ఇంక కబుర్లు లేవు చెల్లీ," అంది. "ఆ నిచ్చెన కబురు కూడా నేను కల్పించిందే."

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నావా?"

"నిచ్చెన మీద బావున్నాడని."

బట్టలు రెండు జతలూ మడిచి మూట కట్టుకుంది. రేపు డాక్టరు చూశాక అటు నుంచి అటే తన గదికి వెళ్తానంది. సరే అన్నాను. సరే అనక ఏమంటాను. ఆరు వారాలు అని నేనే కదా అన్నది.

మే 6, మంగళవారం

డాక్టరు దీపం వేసి చూసి, కుడి కన్ను అద్దంలా ఉందన్నాడు. రేపటి నుంచి పనికి వెళ్ళొచ్చట. నేను మూట నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంతలో ఆయన, ఎడమ కంట్లో కూడా శుక్లం ముదిరింది, నెలాగి దానికీ చేసేద్దాం, మళ్ళీ ఆరు వారాలు చుక్కలు, చూసుకునే మనిషి ఉన్నారా అన్నాడు.

వద్దులెండి, ఒక కన్ను చాలు నాకు, సూది బెజ్జం కనబడుతోంది అందావిడ. తర్వాత నా వైపు వంగి మెల్లగా, రెండో కంటికి నా దగ్గర కబుర్లు కూడా లేవు అంది.

దేవుడు మనిషికి రెండు కళ్ళెందుకిచ్చాడో నాకు ఇవాళ తెలిసింది. మూట పట్టుకునే లేచి గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆ కుర్రమొహంవాడే. తేదీ రాయి బాబూ, ఎడమ కన్ను, ఇల్లు అదే, మనిషినీ నేనే అన్నాను. చెల్లెలు కదా అన్నాడు. రాసుకో అన్నాను.

ఆవిడ వెనకాలే వచ్చింది. మరి కబుర్లు అంది.

"నా దగ్గరున్నాయి. ఇరవై ఏళ్ళవి. ఈసారి చుక్కా నేనే వేస్తాను, కబురూ నేనే చెప్తాను. ఈ మధ్యలో నెల రోజుల కోసం మూట అటూ ఇటూ మొయ్యడం దండగ, ఇంటికి పద."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని దుకాణాల బోర్డుల రంగులన్నీ చెప్పింది, నాకేదో కనబడనట్టు. రెండు స్టాపులు దాటాక, అయితే నెలరోజులు ఆగాలా కబురుకి అంది. ఆగాలి, చుక్కకే కబురు అన్నాను. బింకంగానే అన్నాను. ఇంకో స్టాపు కూడా దాటలేదు, నేనే మొదలుపెట్టేశాను.

వాడికి నాలుగేళ్ళు. బడిలో చేర్చాను, నేను ఊడ్చే బడిలోనే. బడికి వెళ్ళడమంటే ఊడవడం అనుకున్నాడు వాడు. చిన్న చీపురొకటి సంపాదించి, తరగతిలో పిల్లలందర్నీ కాళ్ళు పైకెత్తమని గదంతా ఊడ్చాడు. పంతులమ్మ నవ్వాపుకోలేక, ఒరేయ్, కూర్చో, ఇది అమ్మ పని, నువ్వు చదువుకుని పెద్దయ్యాక ఏమవుతావో చెప్పు అంది. వాడు చీపురు వదలకుండా, అమ్మనవుతాను అన్నాడు. తరగతంతా ఒకటే నవ్వు. మగపిల్లలు అమ్మలు కారురా అంటే, ఎందుక్కారు, నాకు ఊడవడం వచ్చుగా అన్నాడు.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. బస్సులో వాళ్ళు తిరిగి చూస్తున్నా ఆగలేదు. నాకూ ఆగలేదు. కన్ను జాగ్రత్త, కన్ను జాగ్రత్త అంటూ చేతులు పట్టుకున్నాను, నలుపుకుంటుందేమోనని. నవ్వీ నవ్వీ రెండు కళ్ళ నుంచీ నీళ్ళు కారాయి ఆవిడకి. బాగైన కంట్లోంచీ, ఇంకా బాగవ్వాల్సిన కంట్లోంచీ, తేడా లేకుండా.